దూరం నుంచి ఎవరైనా వస్తారని

పోయిన వారం జాహెదాను మనం హఫీజ్‌పేట్ మస్జిద్ వెనక రేకుల షెడ్డు దగ్గర వదిలి వచ్చాం. కొసోవోలో ఇళ్లు తగలబడిపోతే కొండలు దాటి, అల్బేనియా గుడారాల్లో తలదాచుకుంటున్న ముస్లిం కుటుంబాల కోసం బస్తీ యావత్తూ ఆ షెడ్డులో రజాయిలూ ఉన్నిబట్టలూ పోగుచేస్తోంది. మే నెల ఎండలో చెమటలు కక్కుతూ, ఎవరింట్లో ఉన్న బరువైన దుప్పటి వాళ్లు మోసుకొచ్చి పడేస్తున్నారు. ఆ రోజు నగరం నుంచి వచ్చిన సేవాసంస్థ పెద్దమనిషి, "దుప్పట్లకు కొదవ లేదు, మనుషులకే కొదవ. గుడారాల్లో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ. కాన్పులు చేయడం తెలిసిన నర్సులు కావాలి. మూడు నెలలు ఉండి రాగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. పరదా అవతల కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒక్క చేయి లేచింది. అది జాహెదాది. కొండాపూర్ నర్సింగ్‌హోమ్‌లో ఏళ్ల తరబడి పురుళ్లు పోసిన చేయి. గల్ఫ్ దవాఖానలో ఉద్యోగం కోసమని ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టు ఆమె పెట్టెలోనే ఉంది. ఇంట్లో ఎవరినీ అడగకుండానే పేరు ఇచ్చేసింది. ఆమె ఇల్లు చేరేలోగానే ఆ కబురు ఇంటికి చేరింది.

ఆనాటి నుంచి అత్తగారు హుసేన్‌బీ ఆమెతో మాట్లాడలేదు.

తిట్టి ఉంటే జాహెదాకు తేలికగా ఉండేది. తిట్టలేదు. వేళకు తింటుంది, వేళకు నమాజు చేసుకుంటుంది, కోడలు ఇచ్చిన చాయ్ తాగి కప్పు తనే కడిగి బోర్లిస్తుంది. ఆ తర్వాత రైల్వే గేటు కనిపించే కిటికీ దగ్గర కూర్చుంటుంది. అంతే. అంతకుముందు ఆ ఇంట్లో మాటలన్నీ ఆమెవే. పదిమంది చేసే సందడి ఆమె ఒక్కతే చేసేది. అదీ తెలుగులో. హుసేన్‌బీకి ఉర్దూ సరిగ్గా రాదన్నది బస్తీలో అందరికీ తెలిసిన వింత. రెండు వాక్యాలు ఉర్దూలో మొదలుపెట్టి మూడోదానికి తెలుగులోకి దిగిపోతుంది. కొడుకులు కూడా ఆమె నోటి నుంచి తెలుగే నేర్చుకున్నారు. బయట ఎంత ఉర్దూ మాట్లాడినా గడప లోపలికి వచ్చాక వాళ్ల నోట తెలుగే పలికేది. కాపురానికి వచ్చిన కొత్తల్లో జాహెదా నవ్వు ఆపుకోలేకపోయేది. ఇప్పుడు ఆ గొంతు వినబడక ఇల్లు బోసిపోయింది.

భర్త మొయిన్ మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడలో లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. నెమ్మదస్తుడు. విషయం తెలిసిననాడు, "నేను ఆపను జాహెదా. బిడ్డను నేను చూసుకుంట. గని అమ్మ మొఖం చూస్తే నాకేం సమజైతలేదు. ఆమె సరే అంటె పో" అన్నాడు. అక్కడితో ఆ సంగతి ఆగిపోయింది. బృందం బయలుదేరే రోజు మాత్రం దగ్గర పడుతోంది.

ఆ శుక్రవారం పొద్దున డ్యూటీలో ఉండగా డాక్టర్ రామ్మోహనరావు గారు ఆమెను తన గదిలోకి పిలిచారు. ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నర్సులను కూతుళ్లలా చూస్తారని పేరు.

"కూర్చోమ్మా. నీ సెలవు కాగితం చూశాను. ఆపను గానీ ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకూడదు సుమా. జీడిమెట్ల ఫ్యాక్టరీల నుంచి, ఇక్కడ కట్టే బిల్డింగుల పనుల్లోంచి ఎంతమంది ఆడవాళ్లు వస్తున్నారో చూస్తున్నావు కదా. ఆఖరి నెల దాకా ఇటుకలు మోసి, నొప్పులు మొదలయ్యాక గుర్తొస్తాం మనం వాళ్లకి. ఇంతమంది ఇక్కడుంటే అంత దూరం ఎందుకమ్మా? వాళ్ల భాష నీకు రాదు, నీ భాష వాళ్లకి రాదు."

ఈ ప్రశ్న జాహెదా తనను తానే చాలాసార్లు వేసుకుంది.

"టీవీల చూసిన సార్. ట్రాక్టర్ ట్రాలీల జనం పారిపోయి వస్తున్నరు. అందుల ఒకామెకు నొప్పులొస్తున్నయ్. చుట్టూ మొగోళ్లు, ముసలోళ్లు, సామాను. ఒక ముసలామె తన తలమీది గుడ్డ తీసి అడ్డం పట్టింది. ఆమె నోరు కదులుతున్నది సార్. మాట వినరాలేదు. వార్తలు చెప్పేటాయన గొంతే వినొచ్చింది. అయిన గని ఆమె ఏం చదువుతున్నదో నాకు తెలిసింది. మా ఇండ్లల్ల కాన్పు దగ్గర పెద్దోళ్లు చదివే దువా అదే. నేను పుట్టినప్పుడు మా నానీ చదివింది, నా బిడ్డ పుట్టినప్పుడు మా అమ్మ చదివింది. భాష రాదన్నరు గద సార్. ఆ ఒక్కటి వస్తది. ఆమె పక్కన కూసొని అదే నేను గుడ చదివితే, ఎవరో పరాయి మనిషి చెయ్యి వేసిందని అనుకోదు. అంతకన్న నాకు చెప్పరాదు."

డాక్టరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత లేచి బీరువా తెరిచి, తను చదువుకునే రోజుల నుంచి వాడుతున్న చిన్న తోలు పెట్టె బయటికి తీశారు. కత్తెరలు, పటకార్లు తళతళలాడుతున్నాయి.

"వెళ్లేటప్పుడు ఇది పట్టుకెళ్లు. జాగ్రత్తగా తీసుకురా. పెట్టెనే కాదు, నిన్ను కూడా" అన్నారు.

ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి వస్తుంటే జాహెదాకు చాలా రోజుల తర్వాత గుండె కుదుటపడ్డట్టు అనిపించింది. ఆ కుదురు ఇంటి ముందు ఆగి ఉన్న స్కూటర్ చూసేదాకానే. అది బావగారు ఖాదర్‌ది.

ఖాదర్ జుమ్మా నమాజు చేసుకుని నేరుగా తమ్ముడి ఇంటికి వచ్చాడు. టోపీ ఇంకా తలమీదే ఉంది. మియాపూర్ రోడ్డులో ఆయనకు టైర్ల దుకాణం. రజాయిల షెడ్డు బాధ్యత కూడా ఆయనదే. ఇంటింటికీ తిరిగి అడిగాడు. ముందుగా తన పెళ్లినాటి రజాయి తెచ్చి వేశాడు. మైకులో కొసోవో గురించి మాట్లాడుతూ ఏడ్చాడు. ఆ ఏడుపు నటన కాదని జాహెదాకు తెలుసు. అందుకే ఆయనంటే ఆమెకు గౌరవం.

మొయిన్ కూడా ఆ పూట పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. అన్న ఉండమన్నాడన్నమాట. కిటికీ దగ్గర హుసేన్‌బీ ఎప్పటిలాగే బయటికి చూస్తోంది.

జాహెదా తోలు పెట్టె లోపల పెట్టి, నిమ్మకాయ షర్బత్ కలిపి తెచ్చింది. ఖాదర్ గ్లాసు అందుకుని ఒక్క గుక్క తాగి పక్కన పెట్టాడు.

"కూసో దుల్హన్." తమ్ముడి భార్యను ఆయన పెళ్లినాటి నుంచీ అలాగే పిలుస్తాడు. "నీ మనసు మంచిది. నేనేం కాదంటలేను. గుడారాలల్ల ఉన్నది మన అక్కచెల్లెండ్లే. వాళ్లను తలుచుకుంటె నాకు నిద్ర పడతలేదు. గని సాయం చేసుడుకు ఒక పద్ధతి ఉంటది. బట్టలిస్తం, మందులిస్తం, దువా చేస్తం. ఇంటి కోడల్ని లడాయి జరిగేకాడికి పంపుడు పద్ధతి గాదు."

"మొన్న మైకుల మీరే అన్నరు గద భాయ్‌జాన్," జాహెదా నెమ్మదిగా అంది. "మనమందరం ఒక్కటే ఒళ్లు, ఒకచోట నొస్తే ఒళ్లంత నొస్తదని."

"అన్న. మళ్ల అంట."

"ఒంట్ల ఒకచోట నొప్పి లేస్తే చెయ్యి ఊకె ఉంటదా? దానంతటదే అక్కడికి పోదా?"

మొయిన్ తల దించుకున్నాడు. నవ్వు వస్తోందో, భయం వేస్తోందో అతని ముఖం చూస్తే తెలియలేదు. ఖాదర్‌కు కోపం రావలసింది. రాలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, తల నిమురుకున్నాడు.

"నువ్వు చెప్పింది సక్కగనే ఉన్నది. గని నా పరేషాన్ వేరే ఉన్నది, అది గుడ విను. పేపర్ చూస్తున్నవా? మన సరిహద్దుల మొన్నటి సంది విమానాలు బాంబులేస్తున్నయ్. కార్గిల్ కార్గిల్ అని ఎక్కడ చూసినా అదే ముచ్చట. నిన్న నా దుకాణానికి గాలి కొట్టించుకోను వచ్చిన మనిషి, ఎన్నో ఏండ్ల సంది వచ్చేటోడే, నన్నడుగుతడు, ఖాదర్ భాయ్, మీరు ఎటు దిక్కు అని. నవ్వుకుంటనే అడిగిండు. నేను గుడ నవ్విన. మన పోరగాళ్లు గెలవాలె అన్న. నిజంగనే అన్న. అయినా ఇంటికొచ్చి అన్నం తిననీకి కాలే." ఆయన గొంతు తగ్గింది. "ఇసొంటి దినాలల్ల సాయబుల ఇంటి మనిషి లడాయి దేశానికి పోయిందంటె, అది పురుళ్లు పోసుడుకు అని ఎందరికి చెప్పుకుంట తిరుగుత? కొసోవో ఎక్కడున్నదో, కార్గిల్ ఎక్కడున్నదో ఎవరు చూడొచ్చిండ్రు? రేపు పోలీసోళ్లు వస్తె నీ ఇంటికి రారు, నా దుకాణానికొస్తరు."

ఆయన పిరికివాడై అన్న మాట కాదిది. ఇల్లూ దుకాణం పిల్లలూ ఉన్న మనిషి, ఊళ్లో తలెత్తుకు తిరగాలనుకునే మనిషి అన్న మాట. ఆమె ఫ్యాను గాలికి కదులుతున్న తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆమె మెత్తబడిందనుకున్నాడు ఖాదర్. దగ్గరగా వంగి, నచ్చజెప్పే గొంతుతో ఆఖరి మాట అన్నాడు. "అయినా దుల్హన్, మన మీద కష్టమొచ్చిననాడు ఎవడొచ్చిండు? ఏ దేశపోడన్న, మనోళ్లని ఒక్కడన్న వచ్చి చూసిండా?"

"రాలే."

ముగ్గురూ ఉలిక్కిపడి కిటికీ వైపు తిరిగారు. ఇన్నాళ్ల తర్వాత హుసేన్‌బీ నోరు తెరిచింది. కానీ చూపు ఇంకా రైల్వే గేటు మీదే ఉంది.

"ఎవ్వరు రాలే ఖాదర్. నేను తొవ్వ చూసిన గద. ఎవ్వరు రాలే."

"ఏం తొవ్వ అమ్మా? ఎప్పుడు?" అన్నాడు ఖాదర్ అర్థం కాక.

హుసేన్‌బీ కిటికీ దగ్గర నుంచి లేచి వచ్చి, కొడుకులిద్దరి మధ్య మంచం మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, బియ్యం ఏరుతూ ఇరుగుపొరుగుతో ముచ్చట పెట్టినంత మామూలుగా చెప్పడం మొదలుపెట్టింది.

"మా ఊరు బీదరు దిక్కు అని మీకు చెప్పిన గద. అబ్బా టాంగా నడిపేటోడు. పోలీస్ యాక్షన్ అయిన దినాలు. అంతకుముందు రజాకార్లు ఊర్ల మీద పడి ఏం చేసిండ్రో అందరికి ఎరుకే. అబ్బా వాళ్లల్ల లేకుండె. గుర్రానికింత గడ్డి, మాకింత రొట్టె, గంతే ఆయన లోకం. గని కోపం మీదున్నోళ్లు ఎవరేందని అడగరు. పట్నం పోతె బతుకుతమన్నరు. నడిసినం. అమ్మకు తొవ్వల జరమొచ్చింది. ఒక బాయికాడ పండుకున్నది, మళ్ల లేవలే."

మొయిన్ తల్లి చేయి పట్టుకున్నాడు. ఆమె వదిలించుకోలేదు, పట్టించుకోనూ లేదు.

"పెద్ద పెద్ద బండలున్న జాగకు వచ్చినం. మా ఇద్దర్ని బండల నడుమ కూసోవెట్టి, నీళ్లు తెస్తనని అబ్బా పోయిండు. పోయిండు, గంతే."

"ఇద్దరా?" అన్నాడు ఖాదర్. "నీకు ముందుగాని ఎనకగాని ఎవరు లేరంటివి గద?"

"నాకొక చెల్లె. రజియా. ఇంకా మాటలు సక్కగ రాని పిల్ల. దాన్ని ఒళ్లె ఏసుకొని కూసున్న. అప్పుడు నేనేమనుకున్ననో తెలుసా ఖాదర్? అమ్మ ఎప్పుడు చెప్పేది, మనోళ్లు లోకం నిండ ఉన్నరు బిడ్డా, సముద్రాలకవతల గుడ ఉన్నరు, మన లెక్కనే నమాజు చేస్తరు అని. గంతమంది ఉన్నోళ్లు ఒక్కరన్న రారా అనుకున్న. గుర్రాలెక్కి వస్తరనుకున్న. చెల్లెకు గుడ అదే చెప్పిన. ఏడ్వకే, మనోళ్లు వస్తున్నరు, గుర్రాల మీద వస్తున్నరు అని. పొద్దుగూకెదాక తొవ్వ చూసిన."

బయట గూడ్సు బండి పోతోంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా హుసేన్‌బీ ఊరుకుంది.

"వచ్చింది ఒక గొర్లకాపరి. కొమురయ్య. తప్పిపోయిన గొర్రెపిల్లను దేవులాడుకుంట వచ్చి మమ్ముల చూసిండు. ఎవరని అడగలే. ఏ కులం, ఏ మతం అని అడగలే. రజియాను తీసి భుజం మీద ఏసుకున్నడు. పోదాం పా బిడ్డా అన్నడు. మూడేండ్లు ఆయన ఇంట్ల ఉన్నం. ఎవరన్న అడిగితె మా అక్క పిల్లలని చెప్పేటోడు. నన్ను పోశవ్వ అని పిలిచిండ్రు. చెల్లెను కొమురమ్మ అని పిలిచిండ్రు. ఆయన పెండ్లాం బాలవ్వ. నేను లోపటి అర్రల నమాజు చేసుకుంటుంటె ఎవరన్న వస్తరని తలుపుకాడ కూసునేది. నాకు ఉర్దూ రాదని నవ్వుతరు గద అందరు? ఉర్దూ మాట్లాడితె పానం మీదికొచ్చే దినాలల్ల పెరిగిన బిడ్డా. మర్చిపోవుడే నేర్చుకున్న."

జాహెదాకు ఏడుపు వస్తోంది. కొత్త కోడలిగా తను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. కానీ హుసేన్‌బీ ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఆమె చెప్పవలసింది ఇంకా మిగిలి ఉంది.

"తర్వాత మా మామూ దేవులాడుకుంట వచ్చిండు. నా బట్టలు మూట కట్టిండ్రు. రజియా బాలవ్వ కొంగు ఇడువలే. అమ్మా అమ్మా అని ఒకటే ఏడ్సుడు. బాలవ్వకు పిల్లల్లేకుండిరి. ఆమె గుడ ఏడ్సింది. పెద్దోళ్లు అరుగు మీద కూసొని ఏమనుకున్నరో ఏమో, చిన్నది ఈడనే ఉండని అన్నరు. నన్నెవరు అడగలే."

ఖాదరే తేరుకుని అడిగాడు. "అంటె, మాకు చిన్నమ్మ, ఖాలా ఉన్నదన్నట్టు. ఇంకా బతికున్నదా?"

"ఉన్నది. నానక్‌రామ్‌గూడల, కొమురయ్య ఇంట్లనే."

మొయిన్ చేయి వదిలేసి నిలబడ్డాడు. "నానక్‌రామ్‌గూడనా? నేను పనికి పోయే తొవ్వకు జరంత అవతల! ఇన్నేండ్లు గింత దగ్గర ఉండి ఎందుకు పోలే అమ్మా?"

"ఎట్ల పోవాలె బిడ్డా? ఇల్లరికపు అల్లున్ని తెచ్చి దానికి పెండ్లి చేసిండ్రు. పిల్లలైండ్రు. అత్తింటోళ్లకు ఏం తెలుసో ఏం తెల్వదో. సాయబుల ఆమె వచ్చి నేను నీ అక్కనంటె దాని కాపురం ఏమైతదో. ఆ ఊరి దిక్కునుంచి ఎవరన్న వస్తె అడిగి తెలుసుకునేది. కొడుకు పుట్టిండన్నరు, సంతోషపడ్డ. కొమురయ్య పోయిండన్నరు, ఈడనే కూసొని ఏడ్సిన. మీ నాయన గుడ వద్దనే అన్నడు. ఆమెను సుకంగ బతకనీ అన్నడు."

ఖాదర్ టోపీని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా, మొదలుపెట్టిన మాటను వదలని మనిషి.

"మనోళ్లు ఎవరు రాలే అంటివి గద అమ్మా. అసొంటప్పుడు దుల్హన్ ఎందుకు పోవాలె?"

"గందుకే పోవాలె." హుసేన్‌బీ గొంతు పెంచలేదు. "రాకుంటె ఎట్లుంటదో నాకెరుక. ఆ గుడారంల ఏ పిల్ల కూసున్నదో, ఎవరికి ఏం చెప్పుకుంట కూసున్నదో. దానికి గుడ వాళ్లమ్మ అదే ముచ్చట చెప్పి ఉంటది, లోకం నిండ మనోళ్లున్నరని. అది అబద్ధం కావొద్దు ఖాదర్. నా విషయంల అయింది, అయిపోయింది. ఇన్ని దినాలు ఈమెతోని మాట్లాడలేదంటె కోపమొచ్చి గాదు. నోరు తెరిస్తె ఇదంత బయటికొస్తదని భయమైంది. జాహెదా పోతది. పోలీసోళ్లు నీ దుకాణానికొస్తె నన్ను పిలువు. నేనొచ్చి చెప్త."

ఖాదర్ లేచాడు. సరే అనలేదు, కాదనలేదు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, తల్లి కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని మళ్లీ లేచాడు. వెళ్తూ వెళ్తూ జాహెదాతో, "అక్కడ కొండలల్ల రాత్రిపూట చలి బాగనే ఉంటదంట. నా రజాయి షెడ్డుల పైననే ఉన్నది, నువ్వు తీస్కపో" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే మంచి ఒప్పుకోలు రాదని జాహెదాకు అర్థమైంది.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక హుసేన్‌బీ కోడలిని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది.

"నాదొక మాట ఉన్నది. ఎవరో ముక్కు మొఖం తెల్వని అక్కచెల్లెండ్లకోసం నువ్వు సముద్రాలు దాటి పోతున్నవ్. నా తోడబుట్టింది పక్కూర్ల ఉంటె నేను కిటికీల కూసున్న. నువ్వు విమానమెక్కే ముందుగాల నన్నొకసారి ఆడికి తీస్కపో. దూరంకెళ్లి చూసొస్త. నాకది చాలు."

మరునాడు ఎండ ఎక్కకముందే అత్తాకోడళ్లు బయలుదేరారు. గచ్చిబౌలి దాకా సెవెన్ సీటర్ ఆటోలో వెళ్లి, అక్కడ ఇంకో షేర్ ఆటో ఎక్కారు. దారి పొడుగునా ప్లాట్లు అమ్మే బోర్డులు, పాతిన హద్దురాళ్లు, బండలు పగలగొడుతున్న మిషన్ల మోత. దుమ్ముకు బురఖా అంచు అడ్డం పెట్టుకుని హుసేన్‌బీ బయటికి తొంగి తొంగి చూస్తోంది.

"బండలేవే జాహెదా? ఈడ ఇండ్లంత పెద్ద బండలుండె."

"పగలగొట్టిండ్రు అమ్మా. బిల్డింగులొస్తయంట."

ఊళ్లోకి వచ్చాక హుసేన్‌బీ ఎవరినీ అడగకుండానే సందులు తిరిగింది. ఆ సందుల్లో కొన్ని పెంకుటిళ్లు కూలిపోయాయి, కొన్ని డాబాలయ్యాయి. అయినా ఆమె కాళ్లు తడబడలేదు. ఒక మలుపు దగ్గర ఆగి కోడలి చేయి గట్టిగా పట్టుకుంది. పాత పెంకుటిల్లు ఒకటి, దాన్ని ఆనుకుని సగం కట్టిన కొత్త ఇల్లు. ముందు ముప్పై దాటిన మనిషి ఒకడు కొత్త మోటార్ సైకిల్ తుడుచుకుంటున్నాడు.

దూరం నుంచి చూసి పోదామనుకున్నది హుసేన్‌బీయే. కానీ ఆగలేక వాకిలి దాకా నడిచేసింది. అతను తలెత్తి, బురఖాల్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లను చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"ఎవరు గావాలె?"

"కొమురమ్మ గారిల్లు ఇదేనా అన్నా?" జాహెదా అడిగింది.

"మా అమ్మనే. నేను సాయిలును. ఏం పని?"

"పాత చుట్టరికం బిడ్డా," అంది హుసేన్‌బీ.

ఆ ఒక్క మాటతో సాయిలు ముఖం మారిపోయింది. గడపకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. దురుసుగా కాదు, విసిగిపోయిన మనిషిలా.

"చుట్టరికమా? భూమి ధర లేసినకాడికెళ్లి మాకు చుట్టాలే చుట్టాలు పెద్దమ్మా. ఒకడొచ్చి తాతకు అన్న కొడుకునంటడు. ఇంకోడు దాయాదినంటడు. తాత ఏ కాలంలనో సాయబుల పిల్లల్ని తెచ్చి సాదిండని ఊర్ల ముసలోళ్లు అప్పుడప్పుడు అంటుంటరు. మీరు గుడ అదే చెప్పొచ్చిండ్రా? వాళ్లం మేమే, భూమిల మాకూ పాలున్నది అని?"

జాహెదాకు అప్పుడు అర్థమైంది. ఇతనికి తెలియదు. ఆ సాయబుల పిల్లల్లో ఒకరు తన తల్లేనని ఇతనికి ఎవరూ చెప్పలేదు. అత్తగారు ఇన్నేళ్లు కిటికీ దగ్గర కూర్చుని కాపాడింది దీన్నే. ఇప్పుడు ఒక్క మాట తప్పుగా దొర్లితే అంతా అయిపోతుంది. ఆమె అత్తగారి మోచేయి పట్టుకుని వెనక్కి లాగింది.

"లేదన్నా. మేము ఇల్లు పొరపాటు పడ్డం. పోతం."

హుసేన్‌బీ కూడా తల ఊపి వెనక్కి తిరిగింది. అప్పటికే ఆలస్యమైంది. లోపలి నుంచి మాటలన్నీ వింటున్న ఒకామె చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చెవులకు గంటీలు. ఆ నిలబడ్డ తీరు, కుడివైపుకు కాస్త వాలిన ఆ మెడ, కళ్ల కింద ఆ ముడతలు చూసి జాహెదా బిత్తరపోయింది. తన అత్తగారే బొట్టు పెట్టుకుని గడప అవతల నిలబడినట్టుంది.

"సాయిలు, పక్కకు జరుగు" అంది కొమురమ్మ.

"ఎవరో భూమి కోసం..."

"జరుగంటున్న గద."

ఆమె మెట్లు దిగలేదు. గుమ్మంలోంచే, వెనక్కి తిరిగిన బురఖా వైపు చాలాసేపు చూసింది. తర్వాత కోపమో దుఃఖమో తెలియని గొంతుతో అంది.

"హఫీజ్‌పేటల ఉన్నవని నాకు ఎన్నడో ఎరుక. ఇయ్యాల వస్తవా, రేపు వస్తవా అని తొవ్వ చూసి చూసి నా కండ్లు పోయినయ్. ఇప్పుడొచ్చి, మొఖమన్న చూపకుండ పోతున్నవా అక్కా?"

హుసేన్‌బీ మెల్లగా ఇటు తిరిగింది. సాయిలు మొదట ఆమెను చూశాడు, తర్వాత తల్లిని చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు.

"సాయబుల ఆమె నీకు అక్క ఎట్లయితదే, అమ్మా?"